పురాణముపై నభియోగము: తెనాలి సీమ కృతులయందలి సంఘవిమర్శము

సాహిత్యము సంఘమునకు దర్పణమనుట మన విమర్శకులకుఁ బరిపాటి యైనది. దర్పణము చూపును గాని తీర్పు చెప్పదు. తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలయందు గత శతాబ్ది పూర్వార్ధమునఁ బుట్టిన కొన్ని కృతులు చూపుటతోఁ దనివి నొందక తీర్పునకే పూనుకొన్నవి. అందులకు సాక్ష్యముగాఁ దెచ్చుకొన్నవి నాఁటి వార్తలు గావు, పురాణకథలు. పురాణమును న్యాయస్థానమునకుఁ దెచ్చి బోనులో నిలువఁబెట్టుట యెంతవఱకు సాహిత్యమున కొప్పును? దాని వలన సంఘవిమర్శకుఁ గలిగిన లాభమేమి, నష్టమేమి? ఈ ప్రశ్నలకుఁ ద్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) కృతులు ప్రధానాధారములు. ఆయనను దేవదూషకుఁడని త్రోసివేయువారును, సంస్కర్తయని పూజించువారును గలరు. ఉభయులును గావ్యమును విడిచి కవినే విచారించుచున్నారు. కావ్యమును విచారింపవలసిన పని యట్లే నిలిచియున్నది.

ముందుగా సీమను గూర్చి రెండు మాటలు. బెజవాడకడఁ గృష్ణపై 1855లో నానకట్ట ముగిసిన పిదప నీ డెల్టా భూములకుఁ గాలువనీరు పాఱెను. వరిపంట వలన రైతు కుటుంబములకుఁ గొంత ధనమును, ధనము వలనఁ జదువును, జదువు వలన న్యాయస్థాన పరిచయమును గలిగినవి. 1913లో బాపట్లయందుఁ బ్రథమాంధ్ర మహాసభ జరిగినది. 1916లో రేపల్లెవఱకు రైలుమార్గము పడినది. నేఁటి పరిపాలనలో బాపట్ల, రేపల్లెలు 2022లో నేర్పడిన బాపట్ల జిల్లాయందును, దెనాలి గుంటూరు జిల్లాయందును జేరినవి గాని, యాచార వ్యవహారములచేతను, మాటతీరుచేతను నిది యొకటే సీమ. గ్రామములందు దొడ్డ శివాలయ విష్ణ్వాలయములును, నూరిచివరఁ బోలేరమ్మ, గంగానమ్మ గుడులును, రాత్రులందుఁ బద్యనాటకములును గలిసి యిచటి జనుల మతవిద్యకు మూఁడు పాఠశాల లయ్యెను. సంఘమును విమర్శింపఁబూనినవాఁడు వీనిని దాఁటిపోలేఁడు.

రామస్వామి చౌదరి కృష్ణా మండలమందలి యంగలూరున జన్మించెను. 1914లో న్యాయశాస్త్రాధ్యయనమునకై డబ్లినునకు వెళ్ళి, 1917లో మరలివచ్చి, పిదపఁ దెనాలియందు స్థిరపడి న్యాయవాదవృత్తి సాగించెను. ఆ పురపాలక సంఘమున కధ్యక్షుఁడుగను బని చేసెను. అధ్యక్షపదవియం దుండఁగా గంగానమ్మ జాతరలోని జంతుబలిని నిషేధించెను. ఈ జీవితవృత్తాంతములో మన ప్రకరణమునకుఁ గావలసినది వకీలు వృత్తి. ఆయన కావ్యశిల్ప మంతయు నా వృత్తినుండి పుట్టినదే యని నా నమ్మకము.

“ఖూనీ” యను నాటకము పేరే చూడుఁడు. భాగవత చతుర్థస్కంధమున వేనుని కథ కలదు. వేనుఁడు యజ్ఞములను నిషేధించెను. ఋషులు కోపించి హుంకారముచేత వానిఁ జంపిరి. పిదప రాజ్య మరాజకమై దొంగలు ప్రబలిరి. తల్లి సునీథ కాపాడి యుంచిన కళేబరముయొక్క తొడను మథింపఁగా నిషాదుఁడును, బాహువులను మథింపఁగాఁ బృథువును బుట్టిరి. పురాణికుఁడు దీనిని జెప్పునపుడు “వేనవధ” యనును. వధ యనఁగా వధ్యుఁడు గలఁడనుట, అనఁగాఁ జంపఁదగినవాఁడే చచ్చెననుట. ఖూనీ యన్నప్పుడో, చచ్చినవాఁడు నిర్దోషి, చంపినవాఁడు ముద్దాయి. ఈ పదము సంస్కృతమునుండి గాక పారసీకమునుండి కచ్చేరీల ద్వారమున మన యూళ్లలోనికి వచ్చినది. తెనాలి బజారులో నెవ్వని నడిగినను దాని యర్థము చెప్పును. పదమొక్కటి మార్చుటచేతఁ గథయందలి ధర్మాధర్మములు తలక్రిందు లయ్యెను. కవి తాఁ బెట్టిన పేరుతోనే విచారణ నారంభించెను.

మూలకథలో న్యాయవాదికిఁ జిక్కు సాక్ష్యము లెన్నియో కలవు. రాజు చచ్చిన పిదప దేశమున దొంగతనములు పెరిగెనని పురాణమే యొప్పుకొనుచున్నది. మృతదేహమునుండి రాజును దీయవలసివచ్చెను గాని దేహాంతరమునుండి తీసిన వారు లేరు; వంశమును ద్రోసివేయ వీలులేకపోయెను. వీనిఁ బురాణికులు లోకోత్తర విషయములుగాఁ జెప్పి దాఁటుదురు. అడ్డుప్రశ్న వేయు నలవాటు గలవాఁడు మాత్ర మిచట నాగును. “కురుక్షేత్ర సంగ్రామము”నఁ గవి సింహాసనమునకు హక్కుదారు లెవ్వరను దాయభాగ వివాదముగా భారతకథను జదివి కౌరవ పక్షమున వాదించెను. దానిపై నిచట విస్తరింప నక్కఱలేదు. అది వాదముగా దిట్టమైనదే గాని యందలి పాత్రలు వాదమునకు సాక్షులుగానే వచ్చి పోవుదురు.

విచారింపఁదగినది 1920 నాఁటి “శంబూకవధ”. ఆ నాటకమును జదువుటకు ముందు దాని పూర్వకథను మూఁడు చోటులఁ జదువవలెను.

ఉత్తరకాండమున మృతశిశువును మోసికొని వృద్ధ బ్రాహ్మణుఁడు రాజద్వారమునకు వచ్చును. నారదుఁడు యుగధర్మమును జెప్పును: కృతయుగమున బ్రాహ్మణులకే తపస్సు, త్రేతయందు క్షత్రియులకును, ద్వాపరమున వైశ్యులకును, గలియందు శూద్రులకును. కావునఁ ద్రేతయందు శూద్రుఁడు తపస్సు చేయుట దోషమఁట. రాముఁడు బాలుని దేహమును నూనెయందుఁ బదిలపఱపించి, పుష్పక మెక్కి, పశ్చిమోత్తర పూర్వ దిక్కులు వెదకి, దక్షిణమున శైవలగిరికడఁ దలక్రిందుగా వ్రేలాడుచుఁ దపస్సు చేయువానిఁ గనుఁగొనెను. నీ వెవ్వఁడవని యడిగెను. వాఁడు సత్యము చెప్పెను: తాను శూద్రుఁడను, శంబూకుఁడను, సశరీరముగా స్వర్గమును గోరుచున్నాను అని. వాఁ డింకను మాటాడుచుండఁగనే రాముఁడు ఖడ్గము దూసి తల నఱకెను. వేల్పులు పూలు కురిసిరి. “మాటాడుచుండఁగనే” యను నా యొక్క విషయమే న్యాయవాది చెవికి మ్రోగును. ముద్దాయి వాఙ్మూలము ముగియకుండఁగనే శిక్ష జరిగినది. కలియుగమున శూద్రునకుఁ దపస్సు కలదని నారదుఁడే చెప్పెనుగదా; కలిలో నుండి కలికే లేని నిషేధమును బాటించిన మన పూర్వులు నారదుని మాటనైన వినిరా యని యడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పిన పండితు నింతవఱకు నేను జూడలేదు.

కాళిదాసు రఘువంశమునఁ బదునేనవ సర్గయం దీ కథను గొలఁది శ్లోకములలోఁ బ్రకటించి, రాజదండనము పొందుటచేతనే శూద్రుఁడు సద్గతి నొందెను గాని దుష్కరమైన తన తపస్సుచేతఁ గాదని ముగించెను. మహాకవి కిది యొక పరిష్కారము: చంపుట యుపకారమయ్యెను. ధర్మమునకు హాని లేదు, చచ్చినవానికిని నష్టము లేదు.

భవభూతికి మాత్ర మింతటితో మనసు కుదురలేదు. ఉత్తరరామచరిత ద్వితీయాంకమున రాముఁడు తన కుడిచేతిని సంబోధించును. గర్భభరాలసయైన సీతను వెడలఁగొట్టిన రాముని యవయవమైన నీకు గరుణ యెక్కడిదని తన్ను దాను నిందించుకొని కత్తి విడుచును. వెంటనే శంబూకుఁడు దివ్యరూపుఁడై వచ్చి కృతజ్ఞత చెప్పి దండకారణ్యమును జూపును. కవి కథను మార్చలేదు, నిషేధమును ఖండింపలేదు. చేయి చేసిన పనినుండి మనసును వేఱుపఱిచి చూపెను, అంతే. ఆ వేఱుపాటులో సంఘవిమర్శ కలదా యని సందేహింపవచ్చును. కలదని నా యభిప్రాయము. మంచివాఁడు, దయగలవాఁడు, తాఁ జేయుచున్నది క్రూరమని యెఱిఁగినవాఁడు, అయినను జేయుచున్నాఁడు. అతనిచేత నట్లు చేయించుచున్న దేది? ఆ ప్రశ్నను భవభూతి ప్రేక్షకుని యొడిలో వైచి తాను మౌనము వహించెను.

రామస్వామి చౌదరి యా మౌనమును సహింపలేదు. ఆయన నాటకమున శంబూకుఁడు ద్రావిడులకు జ్ఞానోపదేశము చేయు తపస్వి. వసిష్ఠాదులు తమ యాధిక్యమునకు ముప్పు వచ్చెనని కలఁతపడి రాజును బ్రేరేపింతురు. రాముఁడు సంశయించియు వారికి లోఁబడును. దివ్యరూపము లేదు, కృతజ్ఞత లేదు, సద్గతి లేదు. చచ్చినవాఁడు చచ్చెను. వేయేండ్లుగాఁ గవులు శంబూకుని నోటఁ బెట్టిన ధన్యవాదమును దొలఁగించుటయే యీ నాటకమునకుఁ బ్రధానగుణము. ముద్దాయికిఁ బూర్వ మెన్నఁడును దొరకని వాదావకాశ మిచట దొరకెను; వాఁడు మాట ముగించెను.

దోషమును జెప్పకున్న విమర్శ యసంపూర్ణము. అభియోగమునకు నేరస్థుఁడు గావలెను. అందుచేత వసిష్ఠుఁడు కుట్రదారుఁడయ్యెను. కుట్ర యున్నచోట వ్యవస్థ కనఁబడదు. వసిష్ఠుని స్థానమున మంచి పురోహితు నుంచినచో శంబూకుఁడు బ్రదికెడివాఁడే యను భ్రమ చదువరికిఁ గలుగును. సంఘములో జరుగునది యట్లు గాదు. బావికడ నీరు ముట్టనీయని వారందఱును గుట్రదారులు గారు; అనేకులు బిడ్డలను ముద్దాడువారు, బిచ్చగానికి ముద్ద వేయువారు. నిషేధము వారి చేతులలోనికి వంశపారంపర్యముగా వచ్చినది. చేయి తన పని తాను జేయుచున్నది. ఈ సత్యము భవభూతి కుడిచేతి సంబోధనయందు దొరకినంతగా “శంబూకవధ” వసిష్ఠునియందు దొరకదు. న్యాయవాది వాదమున గెలిచెను. నాటకకర్త యొక మెట్టు దిగెను. ఇదే తెనాలి తాలూకా కూచిపూడివాఁడైన జి. వి. కృష్ణారావు 1951లో వ్రాసిన పల్లెటూరి నవలకు “కీలుబొమ్మలు” అని పేరు పెట్టుట యూరక జరిగినది కాదు. బొమ్మను గొట్టిన లాభమేమి, కీలు చూడవలెనను దృష్టి యా పేరున నున్నది.

పండితు లొక యాక్షేపణ చేయుదురు: పురాణకథలు విధినిషేధములకు శేషములగు నర్థవాదములు, అర్థవాదమును వాస్తవ చరిత్రగాఁ గొని ప్రశ్నించుట మీమాంసానభిజ్ఞత యని. ఈ యాక్షేపణ బలమైనదే. కాని దానికి మన శాస్త్రములయందే బదులు కలదు. బ్రహ్మసూత్రముల యపశూద్రాధికరణమున శంకరభగవత్పాదులు శూద్రునకు వేదపూర్వకమైన విద్యాధికారము లేదని నిర్ణయించి, వేదము విన్నవానికి స్మృతులు చెప్పిన శిక్షలను సైత ముదాహరించి, తుద కితిహాసపురాణ శ్రవణమునందు మాత్రము నాలుగు వర్ణములకు నధికారము కలదని యొప్పుకొనిరి. అనఁగా శూద్రుని చేతికిచ్చిన గ్రంథ మదే. ఇచ్చిన గ్రంథమును వాఁడు చదివెను. చదువుమని యిచ్చి, చదివి ప్రశ్నించినపుడది ప్రశ్నింపఁదగిన గ్రంథము కాదనుట యెట్లు చెల్లును? కథను నిషేధమునకు దృష్టాంతముగా వాడినంత కాలమును, గథను నిషేధమువలెనే పరీక్షించు హక్కు చదువరికిఁ గలదు. ఇచట నేను గవిరాజు పక్షముననే యున్నాను.

ఆయన తన గృహమునకు “సూతాశ్రమ”మనియు, దన పెద్ద కృతికి “సూతపురాణ”మనియుఁ బేరు పెట్టుటను నీ సందర్భమునఁ జూడవలెను. పురాణములలోఁ బెక్కు సూతుఁడు శౌనకాదులకుఁ జెప్పినవే. ఆ సూతుఁ డెవ్వఁడు? మనువు చెప్పినట్లు క్షత్రియునకు బ్రాహ్మణకన్యయందుఁ బుట్టిన ప్రతిలోమజుఁడు. నైమిశారణ్యమున నుచ్చాసనముపైఁ గూర్చుండి, తన్నుఁ జూచి లేవలేదని బలరాముఁడు రోమహర్షణ సూతుని దర్భాగ్రముచేతఁ జంపెనని భాగవత దశమస్కంధమే చెప్పుచున్నది. ఋషులు హాహాకారము చేసిరి, ప్రాయశ్చిత్తము విధించిరి, సూతుని కుమారు నా యాసనమునఁ గూర్చుండఁబెట్టిరి. శంబూకునకు లేని హాహాకారము సూతునకుఁ గలిగినది. సూతుని పేరు పెట్టుకొనుట పురాణమును వెలుపలినుండి కొట్టుట కాదు. అందుఁ దమకుఁ గల యాసనమును మరల నడుగుట. కవిరాజును నాస్తికుఁడని మాత్రమే పిలుచువారు దీనిని గమనింపరు.

ఛందస్సును గూర్చియు నిట్లే చెప్పవలెను. పురాణములఁ గాదన్నవాఁడు పురాణముల పద్యము నేల విడువలేదు? తాను విడిచినను నీ సీమ వినదు గనుక. తెనాలి ప్రేక్షకుఁడు మంచి పద్యమును మరల మరలఁ బాడించుకొను రసికుఁడు. బాపట్లయందు 1902లోఁ బుట్టి తెనాలి శ్రీరామవిలాస సభ రంగస్థలమునఁ బేరు గాంచిన స్థానం నరసింహారావు సత్యభామ వేషమునఁ బ్రవేశించినపుడు జనులు చూచినది పద్యమునకుఁ బ్రాణము వచ్చుటను. “శ్రీకృష్ణతులాభార”మునఁ దక్కెడలో బంగారు నగలన్నియుఁ బోసినను గృష్ణుఁడు తూఁగఁడు; తులసిదళమునకుఁ దూఁగును. వరిపంట ధనమంతయు బంగారముగా మారి మెడల వ్రేలాడుచున్న యీ డెల్టాలో, నా నగల రాశిని జూచి ముందువరుసవారు చప్పట్లు చఱచుచుండఁగా వెనుకవరుసవారికి నవ్వు వచ్చి యుండును. ఇందు నభియోగము లేదు, ముద్దాయి లేఁడు. పురుషుఁడు స్త్రీయై నిలిచి స్త్రీయొక్క యభిమానమును, ధనగర్వమును, భంగమును జూపెను. స్త్రీల నడకకుఁ బురుషుఁడు ప్రమాణమగుట యెట్టి సంఘమున జరుగునను నింకొక ప్రశ్నయు నిందే కలదు. అప్పటివారు దాని నడుగలేదు.

రేపల్లె తాలూకా కావూరున 1901లో జన్మించిన తుమ్మల సీతారామమూర్తి మఱియొక త్రోవ త్రొక్కెను. ఆయన బడిపంతులు; ఈ పత్రికను జదువు పండితులలో ననేకులకు వృత్తిబంధువు. పురాణనాయకుని విచారింపక, యాతని యాసనమునఁ గ్రొత్త నాయకునిఁ గూర్చుండఁబెట్టెను. గాంధిజీ జీవితమును బద్యకావ్యముగాఁ జేసి “అభినవ తిక్కన” యనిపించుకొనెను; “మహాత్మకథ”కు 1969లోఁ గేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. అందుఁ దెలుఁగు నుడికారము పండినది. కాని నాయకుఁడు సంపూర్ణుఁడగుటచే సంఘముయొక్క దోషము లాతని వెలుఁగులో నీడలై తప్పించుకొనును. చౌదరి కృతిలో నేరస్థుఁ డెక్కువగాఁ గనఁబడెను. తుమ్మల కృతిలో మహాత్ముఁ డెక్కువగాఁ గనఁబడెను. రెంటికిని నడుమ నున్న సామాన్యజనుఁడు పద్యమున కందలేదు.

ఆ సామాన్యజనునితోఁ గవిరాజునకుఁ గలిగిన ఘర్షణమే గంగానమ్మ జాతర. శూద్రసంస్కృతి పక్షమున గ్రంథములు వ్రాసినవాఁ డధికారమున కెక్కినపుడు శూద్రుల యమ్మవారి యెదుట వేటను నిలిపెను. బలిని నిలుపుట న్యాయమే. ఈ సీమకుఁ దూరము గాని భట్టిప్రోలు స్తూపమును దలఁచినచో, యజ్ఞహింసను గాదన్న మతము రెండువేల యేండ్లకుఁ బూర్వమే యిచటఁ బాదుకొన్నదని తెలియును. కాని మశూచికమున బిడ్డలఁ గోల్పోయిన తల్లులు గంగానమ్మకు మ్రొక్కుకొన్న మ్రొక్కునకును, యజ్వ స్వర్గమునకుఁ జేసిన పశుబంధమునకును భేదమును విచారించు కావ్యము నాయన వ్రాయలేదు. వేనుని యెడలను శంబూకుని యెడలను జూపిన సానుభూతిలో సగమైన నా తల్లులకు దొరకియున్నచోఁ దెనాలి సాహిత్యమున కొక గొప్ప నాటకము లభించియుండెడిది.

ఇఁక “వివాహవిధి”. దీనిని సాహిత్యవిమర్శకులు సామాన్యముగా లెక్కింపరు. తెలుఁగున వివాహతంత్రమును గూర్చి, యా పద్ధతిని స్వయముగాఁ బెండ్లిండ్లు చేయించిన గ్రంథకర్త మన భాషలో నరుదు. ఇందు ముద్దాయి లేఁడు, వాదము లేదు. పీటలపైఁ గూర్చున్న యిరువురు తాము చేయు ప్రమాణము తమకుఁ దెలిసిన మాటలలోఁ జేయుదురు. సంస్కృతమంత్రము నర్థము తెలియకయే వల్లించు వరుఁడు తాను గట్టుపడిన దేమో యెఱుఁగఁడు. ఒప్పందపు మాటలు తెలియనివాని సంతకము చెల్లునా యని వకీలు మరల నిచట నడుగుచున్నాఁడు. కాని యీసారి ప్రశ్న పురాణపాత్రల నడుగక చదువరినే యడిగినది. చౌదరి కృతులలో న్యాయవాదియుఁ గవియు నొకరి నొకరు బాధింపక కలిసి పనిచేసినది యిదియే యని నాకుఁ దోఁచును. నాటకములకు వచ్చిన ఖండనములలో బదియవ వంతైన దీనికి రాలేదు.

పాఠశాలలలో నుత్తరరామచరితము బోధించు పండితులు ద్వితీయాంకమును దాఁటించి తృతీయాంకమందలి ఛాయాసీతను జేరుట వాడుక. ఆ యంకమును దాఁటింపక, యుత్తరకాండమందలి నాలుగు సర్గలను, 1920 నాఁటి తెనాలి నాటకమును బ్రక్కఁ బెట్టి చదివింపఁగోరుదును. రాముని కుడిచేయి, కుట్రదారుఁడైన వసిష్ఠుఁడు, మాట ముగియకుండఁగనే తెగిన తల, మూఁడును నొక్క దినమునఁ జదివిన విద్యార్థి యడుగు ప్రశ్నలకు బదులు చెప్పుటకుఁ బండితుఁడు ముందుగా రఘువంశమును మరల నొకసారి తిరుగవేయవలసియుండును.